పసుపు అంటని ఓటు

మా వైపు సర్కారు కచేరీల్లో రహస్యం దాచుకోలేని మనిషిని "పంతులమ్మ ఓటు" అంటారు. బదిలీ సంగతి ముందే బయటపెట్టిన గుమస్తాకూ, ఇంటి గొడవ కాఫీ హోటల్లో చెప్పుకున్న దఫేదారుకూ ఆ పేరే. ఈమధ్య ఉద్యోగంలో చేరిన మా మేనల్లుడు కూడా ఎవరినో అలా అంటుంటే, ఎక్కడిదిరా ఈ మాట అని అడిగాను.

"ఎవరో పంతులమ్మంట మామా. తన ఓటు ఎవురికేసిందో తానే ఊరంతా చెప్పుకొని, వాళ్ల నాయన సేద్యం పోగొట్టిందంట," అన్నాడు.

కథ బాగా చెప్పాడు. బాగా చెప్పడం మా వంశంలోనే ఉంది. తింటున్న ఇడ్లీ పక్కకు జరిపాను. ఆ కథ తప్పు. అది తప్పని తెలిసి బతికున్నవాళ్లలో కచేరీ మనిషిని నేనొక్కణ్ణే. పోయిన ఏడాది ఉద్యోగం నుంచి విరమించాను కనక ఇక నన్ను బదిలీ చేసేవాళ్లూ, సంజాయిషీ అడిగేవాళ్లూ లేరు. ఉద్యోగంలో ఉండగా రాని ధైర్యం పింఛనుతోపాటు వస్తుందని కొత్తగా చేరేవాళ్లు గమనించగలరు.

మాది తిరుపతి బజారులో ఇత్తడి సామాన్ల అంగడి. మా నాయన కొత్త ఖాతా తెరిచినా, సరుకుకు ఆర్డరు రాసినా, ఆఖరికి దావా నోటీసుకు జవాబు రాయించినా, కాగితం నాలుగు మూలలకూ తడి పసుపు అంటించందే కలం పట్టనిచ్చేవాడు కాదు. నా ఉద్యోగపు దరఖాస్తుకూ ఆయనే అంటించాడు. ఉద్యోగం వచ్చింది. నాతోపాటు దరఖాస్తు పెట్టినవాళ్లలో నాకంటే బాగా చదివినవాళ్లున్నారు, వాళ్లకు రాలేదు. ఇంతకంటే రుజువేం కావాలి? అప్పటినుంచి నా డ్రాయరులో సిరాబుడ్డి పక్కన ఒక పసుపు డబ్బా ఉండేది. కొత్త ఫైలు మొదలుపెట్టినా, పై అధికారికి అర్జీ పోతున్నా, చిటికెడు తీసి తడిపి నాలుగు మూలలా అద్దేవాణ్ణి.

మా పెద్ద గుమస్తా చిత్తూరు మనిషి. ముక్కుపొడి అలవాటు వల్ల ఆయన మాటలు తుమ్ముకు ముందో వెనకో వచ్చేవి. "ఏమప్పా, ఇది కచేరీనా, పెండ్లిల్లా? కవరుతోపాటు తాంబూలం గూడా పెట్టి పంపిచ్చు," అనేవాడు. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆయన పదోన్నతి ఆగిపోయి చాలా కాలమైంది. అది పసుపు వాడకపోవడం వల్లనేనని నా లోపలి అభిప్రాయం.

రెండో ప్రపంచయుద్ధం ముగిసిన తర్వాత శాసనసభకు ఎన్నికలొచ్చాయి. అప్పుడు అందరికీ ఓటు లేదు. పన్ను కట్టేవాళ్లకు, ఆస్తి ఉన్నవాళ్లకు, చదువు వచ్చినట్టు రుజువు చూపినవాళ్లకు మాత్రమే ఉండేది. ఎన్నికల పనిమీద వేరే ఊరికి పోయే ఉద్యోగులు తమ ఊళ్లో ఓటు వేయలేరు కాబట్టి, వాళ్లు తపాలా ఓటుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. దరఖాస్తు చిత్తూరుకు పోతే అక్కణ్ణుంచి ఓటు కాగితం వస్తుంది. ఒక అధికారి ఎదుట గుర్తు పెట్టి, కవరులో వేసి అంటించి, మళ్లీ చిత్తూరుకు పంపాలి. తిరుపతి దరఖాస్తులన్నీ పోగుచేసే పని నాకు అప్పగించారు. దాంతో నా నడక మారిందని మా ఇంటామె చెప్పింది. పొగిడిందనుకున్నాను.

దరఖాస్తు పెట్టినవాళ్లంతా కచేరీ గుమస్తాలు, బోర్డు బడుల పంతుళ్లు. ఆడమనిషి ఒక్కరే. మిషన్ బడిలో చదువు చెప్పే క్రైస్తవుల పిల్ల, పాతికేళ్ల లోపే ఉంటుంది. పుత్తూరు దగ్గర ఆడవాళ్ల బూత్‌లో ఆమెకు పని వేశారు. వచ్చి నా బల్ల ముందు నిలబడితే, అక్కడ కుర్చీ ఉన్నా కూర్చోమని అనలేదు. అప్పట్లో అదొక హోదా.

"ఏమ్మా, ఓట్లు వేయించే పనికే పోతా ఉండావు గదా. మళ్ల నీకు ఓటెందుకు?" అన్నాను.

"వడ్డించేవాళ్లు తినగూడదా సార్?"

పక్క బల్ల మీద పెద్ద గుమస్తా తుమ్మాడు. అది తుమ్మో నవ్వో తెలియలేదు. నాకు రోషం వచ్చి, ఓటర్ల జాబితాలో నీ నెంబరు ఏదో రాసుకొని రా అన్నాను. మర్నాడు రాసుకొచ్చింది. డ్యూటీ ఉత్తర్వు నకలు కావాలన్నాను. అదీ తెచ్చింది. నిజానికి ఆ రెండూ నా దగ్గరే ఉన్నాయి. ఇంకేం అడగాలో తోచక దరఖాస్తు తీసుకున్నాను.

అప్పుడామె కొంచెం ముందుకు వంగి, "సార్, ఎవురికేసినానో బయటికి తెలుస్తాదా?" అంది.

"ఆ బ్రహ్మకు గూడా తెలీదు."

"బ్రహ్మ సంగతి వద్దు సార్. ఏర్పేడు ఆసామికి తెలీకుంటే సాలు."

ఏర్పేడు పక్క పల్లెలో పెద్ద ఆసామి ఒకాయన ఆ ఎన్నికల్లో నిలబడ్డాడు. ఈమె తండ్రి ఆయన భూమినే గుత్తకు తీసుకుని వేరుశెనగ వేస్తున్నాడు. గుత్తకు రాతకోతలేమీ లేవు; ఆసామి దయ ఉన్నన్నాళ్లు సేద్యం. వాళ్ల ఇంట్లో తాతలనాటి నుంచీ ఎవరికీ ఓటు లేదు. ఈమె చదువుకుంది కనక ఈమెకొచ్చింది.

"మా నాయన చర్చిలో అందరికీ చెప్పుకున్నాడు సార్, నా కూతురికి ఓటుండాదని," అంది. "నాతో మాత్రం ఒట్టేయించుకున్నాడు. ఎవురికైనా ఏసుకో, ఎవురికీ చెప్పొద్దు, నాకు గూడా చెప్పొద్దన్నాడు. ఆయనకు తెలిస్తే మొగంలో తెలిసిపోతాదంట. ఆసామి ముందర నిలబడాల గదా రోజూ."

"దిగుల్లేకుండా పోమ్మా. ఈడికొచ్చిన రహస్యం బావిలో రాయి," అన్నాను. ఆ బావికి గట్టు ఎంత ఎత్తుందో అప్పుడు నాకూ తెలియదు.

దరఖాస్తులన్నింటికీ మూలల్లో పసుపు పెట్టి చిత్తూరు పంపాను. ఒక్కటీ తిరిగి రాలేదు. అన్నీ అంగీకరించి ఓటు కాగితాలు పంపారు. చూశారా అన్నట్టు పెద్ద గుమస్తా వైపు చూశాను. ఆయన ముక్కుపొడి డబ్బా మూత తెరవడంలో మునిగి ఉన్నాడు.

ఓటు వేసేవాళ్లంతా ఒక సాయంత్రం మా అధికారి గదికి వచ్చారు. ఆయన సాక్షిగా ఒక బల్ల దగ్గర కూర్చుని సంతకాలు చూస్తున్నాడు. మూలన తడిక చాటున ఒకరి తర్వాత ఒకరు గుర్తు పెట్టాలి. కాగితం విప్పి అధికారికి చూపగానే, అది తడిక చాటుకు పోయేలోపల అందుకుని నాలుగు మూలలా పసుపు అద్దడం నాకు నేనుగా పెట్టుకున్న పని. ఎవరూ వద్దనలేదు. ఒక పంతులైతే కళ్లకద్దుకున్నాడు. అధికారి చూశాడో లేదో చెప్పలేను. ఆయనకు ఆ వేళప్పుడు కునుకు పట్టేది.

పంతులమ్మ వంతు వచ్చింది. నేను వేలు ముంచాను.

"నా కాగితానికి వద్దు సార్," అంది.

"ఏం?"

"మేం పసుపు కూరలో ఏసుకుంటాం. కాగితాలకు పెట్టుకోం."

అందరూ నవ్వారు. నవ్వు నామీదికి వచ్చిందని అర్థమై, "సరే మరి, పసుపు అంటకపోతే ఓటు చెల్లకుండా పోతాదేమో, సూసుకో," అన్నాను. ఈ మాట అన్నది అచ్చంగా నేనే. ముసలితనంలో ఏది మరిచిపోయినా ఇది మరిచిపోకుండా దేవుడు ఏర్పాటు చేశాడు.

ఆమె గుర్తు పెట్టి, మడిచి, కవరులో వేసి, అంచంతా రెండుసార్లు రుద్ది అంటించింది. వెలుతురుకు ఎత్తి ఏమైనా కనిపిస్తుందేమో చూసుకుంది. అప్పుడు ఇచ్చింది.

తపాలా ఓట్లను తపాలాకు ఇస్తే ఆలస్యమవుతుందని నేనే సంచిలో పెట్టుకుని రైలెక్కాను. పాకాలలో బండి మారేటప్పుడు సంచిని పసిబిడ్డలా చంకనెత్తుకున్నాను. చిత్తూరులో అప్పగించాక, లెక్కింపు దాకా ఉండి సాయం చేయమన్నారు. ఇదంతా పసుపు చలవే అనుకున్నాను.

లెక్కింపు రోజు బల్ల చుట్టూ అభ్యర్థుల తరఫు మనుషులు కూర్చున్నారు. తపాలా ఓట్లను ఊరివారీగా విప్పుతున్నారు. తిరుపతి కట్ట వంతు వచ్చింది. మొదటి కవరు చించి కాగితం విప్పిన ఎన్నికల అధికారి దాన్ని రెండు వేళ్లతో పైకెత్తాడు.

"ఏమిటయ్యా ఇది? ఓటా, శుభలేఖా?"

రెండోదీ అంతే. మూడోదీ అంతే. ఆసామి తరఫున కూర్చున్న ప్లీడరు లేచాడు. ఆ రోజుల్లో పోలింగులో ఒక్కో అభ్యర్థికి ఒక్కో రంగు పెట్టె ఉండేది. ఆసామి ప్రత్యర్థి పెట్టె పసుపు రంగు. "ఇది శకునమూ కాదు, శాస్త్రమూ కాదు. ఇది పసుపు పెట్టెకు ప్రచారం!" అని కేకలేశాడు ప్లీడరు.

"పసుపు మా సొత్తా ఏందప్పా? మీ ఇంట్లో చారులో ఏసుకోరా?" అన్నాడు అవతలి మనిషి.

అధికారి ఇద్దరినీ కూర్చోబెట్టి నిబంధన చదివాడు. ఓటు గుర్తు తప్ప కాగితం మీద ఇంకే గుర్తున్నా ఆ ఓటు చెల్లదు. రంగు ఏదైనా ఒకటే. ఒక్కొక్కటీ పక్కన పెడుతూ పోయాడు. వాటిలో కొన్ని ఆసామికి పడినవే. అది కనిపించే కొద్దీ ప్లీడరు గొంతు తగ్గుతూ వచ్చింది. నేను గోడకు ఆనుకున్నాను. నా గోళ్ల సందుల్లో పసుపు ఇంకా పోలేదు. చేతులు వెనక్కి కట్టుకున్నాను.

ఆఖరి కవరులో నుంచి తెల్లని కాగితం వచ్చింది. అటూ ఇటూ తిప్పి, "ఇది చెల్లుతుంది," అన్నాడు అధికారి. తిరుపతి కట్టలో చెల్లిన ఓటు అదొక్కటే. అది ఆసామికి పడలేదు.

ఆ ఒక్క ఓటు ఎటూ తేల్చలేదు. ఆసామి చాలా తేడాతో ఓడిపోయాడు.

ఆ సాయంత్రం కోర్టు దగ్గర కాఫీ హోటల్లో కూర్చున్నాను. ఆసామి మనిషి ఒకడు, లెక్కింపు బల్ల దగ్గర ప్లీడరు వెనకాల నిలబడినవాడే, వచ్చి పక్కన కూర్చున్నాడు. కాఫీ చెప్పాడు. చుట్టూ ఉన్నవాళ్లకు పసుపు సంగతి అప్పటికే తెలుసు. నన్ను చూసి ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుంటున్నారు.

"ఏమబ్బా, మీ తిరుపతోళ్లల్లో ఒక్కనికే బుద్ధుండాదే. ఆ తెల్లకాగితం ఎవురిది?" అన్నాడు ఆసామి మనిషి, ఏమీ పట్టనట్టు.

నాకు అప్పుడు ఒక్కటే కావాలి: వాళ్లు నన్ను చూసి నవ్వడం మానేసి, నాతో కలిసి నవ్వాలి.

"ఒక్కడు గాదప్పా, ఒక్కతి," అన్నాను. ఆ తర్వాత ఆగలేదు. లేచి నిలబడి ఆమె గొంతుతో, "మేం పసుపు కూరలో ఏసుకుంటాం సార్," అన్నాను. నా గొంతుతో నేను అన్నదీ చెప్పాను. కడుపు పట్టుకుని నవ్వారు. మిషన్ బడి పంతులమ్మ అనీ చెప్పాను. ఇంకోసారి చెప్పమంటే చెప్పాను. ఆసామి మనిషి అందరికంటే తక్కువ నవ్వాడు, అందరికంటే శ్రద్ధగా విన్నాడు. నాకు రెండో కాఫీ కూడా ఆయనే ఇప్పించాడు. తిరుగు రైల్లో హాయిగా నిద్రపోయాను. దాన్ని బట్టి నా తెలివి ఎంతటిదో లెక్క కట్టుకోవచ్చు.

కొద్ది రోజులకు పంతులమ్మ మా కచేరీకి వచ్చింది. ఈసారి నేను చెప్పకుండానే కుర్చీలో కూర్చుంది. నిలబడే ఓపిక లేదని ముఖం చూస్తే తెలుస్తోంది.

"మా నాయన్ను భూమిలో దిగొద్దన్నారు సార్. ఆసామి ఇంటి ముందర, అందురి ముందర అన్నాడంట, 'నీ కూతురి తెల్లకాగితం నేను సూసినా' అని. సార్, మీరు ఎవురికన్నా చెప్పినారా?"

తెల్లకాగితం అన్న మాట వినగానే కాఫీ హోటలంతా నా కళ్లముందుకొచ్చింది. ఆ మాట ఎవరిదో, ఎక్కడిదో నాకు తెలుసు.

"నేనా? ఛ! నువ్వే యాడనో నోరు జారింటావు," అన్నాను.

ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే తట్టుకునేవాణ్ణి.

"మా నాయన గూడా అదే అంటా ఉండాడు," అంది. "సేద్యం పోయినందుకు గాదు సార్. కూలికన్నా పోతాడు. నేను ఒట్టు తప్పినానని నాతో మాట్లాడడం లేదు. మీరు ఆఫీసోళ్లు. మీరొచ్చి నా కూతురు చెప్పలేదని ఒక్క మాట అంటే నమ్ముతాడు."

"సూద్దాంలేమ్మా," అన్నాను.

సూద్దాంలే అంటే ఏమిటో కచేరీల చుట్టూ తిరిగినవాళ్లందరికీ తెలుసు. ఆమెకూ తెలుసు. లేచి వెళ్లిపోయింది.

పెద్ద గుమస్తా అంతా విన్నాడు. ముక్కుపొడి పీల్చి, ఎన్నడూ లేనిది తుమ్మకుండా, "పసుపు డబ్బాకు మూత పెట్టుకుంటా ఉండావు గానీ, నోటికి పెట్టుకోలేదే అప్పా," అన్నాడు. అని ఊరుకోలేదు. "పో. ఏర్పేడు ఏమన్నా కాశీనా? పొద్దున బండికి పోయి మాపిటికి రావచ్చు. పోయి చెప్పేసి రా," అన్నాడు.

నేను వెళ్లలేదు. ఆ వారమే చిత్తూరు నుంచి పసుపు గురించి సంజాయిషీ అడుగుతూ కాగితం వచ్చింది. ఓటర్లు తమ తమ ఆచారం ప్రకారం తామే పెట్టుకున్నారని రాసిచ్చాను. దానికి తోడు ఓటు రహస్యం కూడా నేనే బయటపెట్టానని తెలిస్తే ఉద్యోగం ఉండదు. ఇదీ నేను నాకు చెప్పుకున్న కారణం. అసలు కారణం ఇంకా చిన్నది. ఒక గుత్త రైతు ముందు నిలబడి "తప్పు నాది" అనడం నాకు చేతకాలేదు. అలా అనడం మా కచేరీలో ఎవరూ నేర్పలేదు, నేనూ అడిగి నేర్చుకోలేదు.

కాఫీ హోటల్ కథ నాకంటే ముందే ఊరూరా తిరిగింది. తిరిగే కొద్దీ అందులో నుంచి నేను జారిపోయాను. పసుపు జారిపోయింది. ఆఖరికి పంతులమ్మ ఒక్కతే మిగిలింది, తన ఓటు తానే చెప్పుకున్న మనిషిగా. మొదట్లో ఎవరైనా ఆ మాట అంటే నేను బయటికి వెళ్లిపోయేవాణ్ణి. తర్వాత్తర్వాత ఊరుకున్నాను. ఒకసారి నేనూ అన్నాను. ఎవరి గురించి అన్నానో గుర్తులేదు కానీ, అన్న సంగతి గుర్తుంది.

ఆమె తండ్రి ఆ పల్లెలో కూలికి పోయి కొన్నాళ్లు, నడుము పడిపోయాక తిరుపతిలో కూతురి దగ్గర కొన్నాళ్లు గడిపాడు. బడి తోటకు నీళ్లు పోసేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ, కావలసిన మాటలే మాట్లాడేవాడని మిషన్ బడి వాళ్ల ద్వారా విన్నాను.

ఆ తర్వాత అందరికీ ఓటు వచ్చిన మొదటి ఎన్నికలు వచ్చాయి. అప్పటికి నేను పెద్ద గుమస్తానయ్యాను. తపాలా ఓటు దరఖాస్తుల పని మళ్లీ నా బల్ల మీదికే వచ్చింది. పంతులమ్మ వచ్చింది. నేనే లేచి కుర్చీ లాగి, దరఖాస్తు కాగితం ముందు పెట్టాను.

"వద్దు సార్. ఈసారి డ్యూటీకి రాలేనని రాసిచ్చినా. నాయనకు తోడు పోవాల. ఆయనకు గూడా ఓటొచ్చినాది." నవ్వబోయి మానుకుంది. "ఎవురికేస్తాడో నాకు చెప్పడంట. 'నీకు చెప్పేది యేందిలే' అన్నాడు."

నాయనకు నిజం చెప్పమని ఆమె మళ్లీ అడగలేదు. నా సంజాయిషీలన్నింటిలోకీ ఆ అడగకపోవడానికి జవాబు రాయడమే నాకు కష్టమైంది.

పోలింగు రోజున నన్ను తిరుపతిలోనే ఒక బూత్‌కు అధికారిగా వేశారు. మధ్యాహ్నం జనం పలచబడ్డాక పంతులమ్మ తండ్రి వచ్చాడు. కర్ర తలుపు దగ్గర ఆనించి లోపలికి వచ్చి, చాలాసేపు తడిక చాటున ఉండి, బయటికొచ్చాడు. కూతురు గేటు దగ్గర ఎండలో గొడుగు పట్టుకుని నిలబడి ఉంది. నేను లేచి ఆయన వెనకాలే వరండాలోకి వెళ్లాను.

"పెద్దయ్యా, ఒక మాట."

ఆయన బెదిరిపోయాడు. "ఓటు సరిగ్గా పడలేదా సామీ?"

"పడింది. అది గాదు. ఆ పొద్దు నీ కూతురు తన ఓటు సంగతి ఎవురికీ చెప్పలేదు. చెప్పింది నేను."

ఆయన నా చొక్కా, దాని మీది అధికారి బిళ్ల, నా ముఖం వరసగా చూశాడు.

"ఎవురికి?"

"ఆసామి మనిషికి. చిత్తూర్లో, కాఫీ హోటల్లో."

"ఎందుకు సామీ?"

చాలా జవాబులు సిద్ధం చేసుకుని ఉన్నాను. అవన్నీ వదిలేసి, "నవ్వించేదానికి," అన్నాను.

"నవ్వినారా?"

"నవ్వినారు."

ఆయన తలూపాడు. కొట్టలేదు, తిట్టలేదు, మంచి పని చేశావనీ అనలేదు. కర్ర తీసుకుని గేటు వైపు నడిచాడు. వచ్చినప్పటి కంటే తొందరగా నడుస్తున్నట్టు అనిపించింది. కూతురి దగ్గర ఆగాడు. ఆమె గొడుగు ఆయన మీదికి వంచబోతే, ఆయన దాన్ని మళ్లీ ఆమె మీదికే తోసి, ఏదో చెప్పాడు. చాలాసేపే చెప్పాడు. ఆమె నా వైపు తిరగలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

ఏం చెప్పాడో నాకు వినపడలేదు. వినపడకపోవడమే మంచిదైంది. విని ఉంటే, అది కూడా ఇక్కడ రాసేసి ఉండేవాణ్ణి.